బాల్కనీలో ఫీల్డు బూట్లు

నాకు ఒక జత బూట్లు ఉండేవి. చీలమండల పైదాకా వచ్చేవి, ఎంత బురదలోనైనా జారవని దుకాణంవాడు ఒట్టేసి అమ్మినవి. వాటికి తోడు ఒంటినిండా జేబులున్న చేతుల్లేని కోటు, గడ్డం కింద ముడివేసుకునే వెడల్పాటి టోపీ. ఈ మూడూ తగిలించుకుంటే నేనొక మహా శాస్త్రవేత్తనని నా నమ్మకం. చూసినవాళ్ళు మాత్రం తేనెపట్టు దింపడానికి వచ్చిన మనిషి అనుకునేవారు. ఒకసారి నది అవతల ఊళ్ళో ఒక ముసలాయన నిజంగానే నన్ను తన చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, పైకి చూపించి, నిచ్చెన కూడా తెచ్చిపెట్టాడు.

యాంగోన్‌లో పర్యావరణ శాస్త్రం పీజీ చదివే పిల్లలకు ఫీల్డు పని నేర్పడం, చదువు ముగిసేసరికి వాళ్ళను ఏదో ఒక ఆఫీసులో పనికి కుదర్చడం నా ఉద్యోగం. ఆ కుదర్చడాన్ని మేం గొప్పగా ప్లేస్‌మెంట్ అనేవాళ్ళం. మా అమ్మకు ఆ మాట నచ్చేది కాదు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి మనుషుల్ని ఓడెక్కించి తెచ్చి అహ్లోన్ రేవులో బస్తాల పనికి కుదిర్చిన మేస్త్రీ. "మీ తాత సేసిన పనే నువ్వూ సేత్తన్నావు. ఆడు కాళ్ళకేటీ లేకుండా సేసీవోడు, నువ్వు బూట్లేసుకుని సేత్తన్నావు, అంతే గదేటే," అనేది. ఇన్నేళ్ళు చదివి, విదేశాల్లో ట్రైనింగులు పొంది, చివరికి నేను తేలింది ఆడ మేస్త్రీగా.

మేస్త్రీనే కావచ్చు గానీ నాకూ కొన్ని నీతులుండేవి. ప్రతి ఏడూ మొదటి క్లాసులో బల్ల గుద్ది మరీ చెప్పేదాన్ని. "నచ్చని అంకె కనిపిస్తే కొట్టెయ్యకండి. అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతికి, పక్కన రాయండి." రెండో నీతి: "ఫీల్డు అంటే ఫీల్డే. బూట్లు లేనివాళ్ళు బస్సు దిగొద్దు." పిల్లలు వెనక బెంచీల్లో నన్ను అనుకరిస్తూ బల్ల గుద్దుకునేవారని నాకు తెలుసు. పోనీలే, ఆ వంకనైనా గుర్తుంటుందని ఊరుకునేదాన్ని.

ముందు కరోనా జబ్బు వచ్చి కాలేజీ తలుపులు మూయించింది. అది పూర్తిగా పోకముందే ఒక తెల్లవారుజామున సైన్యం గద్దెనెక్కింది. మేం పంతుళ్ళమంతా నిరసనగా పనికి వెళ్ళడం మానేశాం. కొన్నాళ్ళకు పనే మమ్మల్ని మానేసింది. పిల్లలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. మొబైల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. లమ్మడా పేటలో ఆరో అంతస్తులో, లిఫ్టు లేని మా వాటాలో, అమ్మా నేనూ మిగిలాం. పాఠం చెప్పడానికి ఎవరూ లేక నేను అమ్మకే చెప్పేదాన్ని. ఆవిడ పప్పు ఏరుకుంటూ "ఊఁ" కొట్టేది.

అప్పుడు నా చేతిలో మిగిలిన విద్యార్థిని ఒక్కతే. గంజాం వాళ్ళ పిల్ల, అహ్లోన్‌లో ఉండేది. ఇంట్లో ఒడియా, తెలుగు కలిపి మాట్లాడతారు, ఈ పిల్ల మాత్రం దేనిలోనూ పెద్దగా మాట్లాడదు. వాళ్ళ నాన్న రేవులో క్రేను నడిపేవాడు. ఓడలు రావడం తగ్గి ఆయన ఇంట్లో కూర్చున్నాడు. పిల్ల చదువు సగంలో ఆగింది, డిగ్రీ వస్తుందో రాదో చెప్పేవాళ్ళు లేరు. ఈ పిల్లకు ఉద్యోగం దొరికితే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, లేకపోతే లేదు. అంత సూటి సంగతి.

ఊళ్ళో ఒక చిన్న కన్సల్టెన్సీ ఆఫీసు ఇంకా తెరిచే ఉంది. ఫ్యాక్టరీల చుట్టూ, ఆస్పత్రుల చుట్టూ చప్పుడూ దుమ్మూ కొలిచి పెట్టడం వాళ్ళ పని. దాని పెద్దాయన నాకు ముఖపరిచయం. ఫోన్ చేసి బతిమాలాను. ఆయన తూచి తూచి మాట్లాడే మనిషి. "డిగ్రీ కాగితం నాకక్కర్లేదు. ఒకే ఒక్క ఖాళీ ఉంది. మీ పిల్లను ఒక వీధిలో ఒక వారం వరసగా చప్పుడు కొలవమనండి. నేను ఫోన్లో ప్రశ్నలడుగుతాను. తన అంకెల దగ్గర తను నిలబడితే తీసుకుంటాను," అన్నాడు.

చప్పుడు కొలిచే యంత్రం నా సొంతానిది ఉంది. అరచేతిలో పట్టేంతది, ముక్కు మీద నల్లటి స్పాంజి బంతి, రోజంతా దానంతటదే అంకెలు పట్టి పెట్టుకుంటుంది. కంప్యూటరుకు తగిలిస్తే గీతగా గీసి చూపిస్తుంది. దాన్ని తీసుకెళ్ళడానికి పిల్ల ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. మెట్లెక్కి, మంచినీళ్ళు తాగి, కూర్చుందో లేదో వాళ్ళ నాన్న ఫోను. అహ్లోన్ దారిలో ఇసుక బస్తాలు అడ్డం పడ్డాయి, కాల్పులు వినిపిస్తున్నాయి, ఎక్కడున్నదానివి అక్కడే ఉండు అని. పిల్ల నా వైపు చూసింది. మా అమ్మ అప్పటికే బియ్యం ఇంకో గ్లాసు ఎక్కువ కొలుస్తోంది.

"అయితే మన వీధే ఫీల్డు," అన్నాను. నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గే గానీ, ఊరు అలా ఉంటే, నాకు మాత్రం మళ్ళీ ఫీల్డు దొరికిందన్న సంబరం.

మా బాల్కనీలో ఇద్దరు నిలబడితే మూడో మనిషి గదిలోంచి తొంగి చూడాల్సిందే. కింద టీ కొట్టు, కిళ్ళీ బడ్డీ. ఎదురిల్లు చెయ్యి చాస్తే అందేటట్టుంటుంది. ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది, కొసన క్లిప్పు, పైన చిన్న గంట. కూరలవాడు కిందనుంచి తాడు లాగితే పైన గంట మోగుతుంది, సంచి క్లిప్పుకు తగిలిస్తే పైకి లాక్కుంటాం. ఆరో అంతస్తువాళ్ళం మెట్లు దిగకుండా ఇలాగే బతుకుతాం. మూడుకాళ్ళ స్టాండు వేసి యంత్రాన్ని నిలబెట్టాక పిల్ల వైపు చూశాను. కాళ్ళకు రబ్బరు చెప్పులు.

"ఫీల్డుకి చెప్పులేమిటి?" అన్నాను.

"సయామా, ఇది బాల్కనీ," అంది పిల్ల మెల్లగా. సయామా అంటే ఇక్కడ టీచరమ్మ, మగవాళ్ళనైతే సయా అంటారు.

"ఫీల్డు అంటే ఫీల్డే!"

నా బూట్లు తెచ్చి తొడిగించాను. ఆ పిల్లవి చిన్న పాదాలు, ముందు దూది కుక్కాను. నేను కోటూ టోపీ తగిలించుకుని చెప్పులతో నిలబడ్డాను. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"ఏటే, గుమ్మం దాటడానికి గుంటకి బూట్లేసినావా? రేపు స్నానానికెల్తే గొడుగిస్తావేటి?"

పిల్ల నవ్వు ఆపుకోలేక స్టాండు పట్టుకుంది. యంత్రం ఊగింది. "స్టాండు ముట్టుకోవద్దు!" అని నేను అరిచాను. ఆ సర్వేలో నమోదైన మొట్టమొదటి పెద్ద చప్పుడు నా అరుపే.

పనిలో దిగాక పిల్ల సంగతి వేరు. గీత ఎక్కడ ముడిలా పైకి లేచినా అది ఎందుకు లేచిందో పక్కన రాసేది. పొద్దున్నే వీధిలో పులుసు నూడుల్స్ అమ్మే ఆవిడ కేక. టీ కొట్టులో కుర్చీలు లాగడం. పదిన్నరకు పెద్ద ముడి ఒకటి లేచింది, దాని పక్కన "మామ్మ, ఉల్లిపాయలు" అని రాసింది. ఆరో అంతస్తు నుంచి మా అమ్మ కిందున్న కూరలవాడితో చేసిన బేరం అది. నేను చదివి వినిపిస్తే మా అమ్మ నొచ్చుకుంది.

"ఆడికి సెవుడే. అరవకపోతే కుళ్ళినవి కడతాడు. అదీ రాయమను," అంది.

పిల్ల అదీ రాసింది.

అసలు ముడి సాయంత్రం ఎనిమిదికి. ఆ రోజుల్లో ఎనిమిది కాగానే ఊరు ఊరంతా గిన్నెలు కొట్టేది. ఇంట్లో దూరిన చెడును చప్పుడు చేసి తరిమేయడం బర్మావాళ్ళ పాత ఆచారం. సైన్యం వచ్చినప్పటి నుంచీ ఆ ఆచారం ప్రతి సాయంత్రానిదీ అయింది. ఎనిమిదికే కర్ఫ్యూ కూడా, వీధిలోకి దిగడానికి లేదు, కాబట్టి అందరూ బాల్కనీల్లోంచే. మా వీధిలో మొదలుపెట్టేది ఎప్పుడూ ఎదురింటాయనే. రిటైరైన బడి పంతులు, నూనె డబ్బా ఒకటి ప్రత్యేకించి ఉంచుకున్నాడు. ఆయన మొదటి దెబ్బ వేయగానే పక్కన ఆయన భార్య పెనం, ఆపైన వీధంతా. మా అమ్మది కంచు గిన్నె, అత్తగారి నుంచి వచ్చింది, అట్లకాడతో కొడుతుంది. నాది స్టీలు మూత. ఉద్యోగం పోయిన మనిషిని, బయటికి వెళ్ళలేను, ఎవరినీ ఏమీ అనలేను. రోజు మొత్తంలో నేను మనిషినని నాకు అనిపించేది ఆ మూత కొట్టే కాసేపే.

కానీ సర్వే సర్వేనే. మొదటి సాయంత్రం ఏడున్నరకే ఇంట్లో ఉపన్యాసం ఇచ్చాను. "మనం కొలిచేవాళ్ళం. కొలిచేవాళ్ళు చప్పుడు చేయకూడదు. వీధిలో ఉన్నదే రావాలి, మనం కలపకూడదు. ఈ వారం ఈ ఇంట్లో గిన్నెలు లేవు."

"నీ మరకి నాను కొట్టినా ఎదురింటోడు కొట్టినా ఒకటే గదేటే," అంది అమ్మ.

పిల్ల సన్నగా అంది, "సయామా, మామ్మ వీధి మనిషే. మామ్మ లేకుండా కొలిస్తే వీధి కొలిచినట్టు కాదు. మీరూ నేనూ మాత్రమే కొలిచేవాళ్ళం."

నేనే నేర్పిన తర్కం, తిరిగి నా నెత్తినే పడింది. సరేనన్నాను. అమ్మ గిన్నె తెచ్చుకుని దర్జాగా గుమ్మంలో కూర్చుంది. నేను చేతులు కోటు జేబుల్లో దూర్చుకుని నిలబడ్డాను. ఎనిమిదైంది. నూనె డబ్బా మోగింది. పెనం మోగింది. వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి అంటుకుంది. నేను ఆగాను. నిజంగా ఆగాను. తర్వాత ఏం జరిగిందో నాకు సరిగా తెలియదు. చూసుకుంటే నా చేతిలో మూత ఉంది, గరిటె ఉంది, యంత్రం చెవి పక్కనే నిలబడి కళ్ళు మూసుకుని వాయిస్తున్నాను. టోపీ వెనక్కి జారి వీపు మీద వేలాడుతోంది.

కళ్ళు తెరిచేసరికి యంత్రం తన శక్తికి మించిందని ఎర్ర దీపం వెలిగించి కూర్చుంది. పిల్ల కాగితం మీద ఎనిమిది గంటలు అని రాసి, పక్కన "సయామా" అని రాసింది.

"అది కొట్టెయ్," అన్నాను.

"కొట్టెయ్యకూడదు కదా, సయామా."

మా అమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కన్నీళ్ళొచ్చేలా నవ్వింది. చెప్పేవి శ్రీరంగనీతులని పెద్దలు ఊరికే అనలేదు. మిగతా సగం ఆవిడ అనకుండా వదిలేసింది, అది ఆవిడ దయ.

మరుసటి రోజు నుంచి ఎనిమిదింటికి నేను రెండు చేతులతో కుర్చీ పట్టుకుని గదిలో కూర్చునేదాన్ని. వీధంతా మోగుతుంటే కూర్చుని ఉండటం ఎంత కష్టమో చెప్పలేను. ఒళ్ళంతా దురద పుట్టేది. పైగా ఆ ముడి నాకొక తలనొప్పి. పగలంతా చక్కగా సాగే గీత ఎనిమిదికి కొండలా లేస్తుంది. ఇలాంటి గీతను ఆఫీసువాళ్ళకు ఎలా చూపించడం? ఎందుకు లేచిందని ఫోన్లో అడిగితే ఈ పిల్ల ఏం చెబుతుంది? ఫోన్లు ఎవరు వింటున్నారో ఎవరికీ తెలియని రోజులవి. "ఈ ముడి ఒక్కటీ లేకపోతే మన సర్వే అచ్చు పుస్తకంలో వేసుకోవచ్చు," అని విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే కుర్చీ పట్టుకునేదాన్ని.

వారం సగం గడిచాక ఒక సాయంత్రం, ఎనిమిదింటికి, మా సందులోకి ట్రక్కు వచ్చింది. పెద్ద లైటు ఒకటి బాల్కనీల మీద తిప్పారు. గులేరులతో కిటికీల మీదికి రాళ్ళు విసిరారు. అద్దాలు పగిలాయి. మేం ముగ్గురం లైటార్పి నేల మీద బోర్లా పడుకున్నాం. ఎదురింటి మెట్ల మీద బూట్ల చప్పుడు, ఆపైన తలుపు విరిగిన చప్పుడు. మేం బాల్కనీ కమ్మీల సందులోంచి చూస్తుండగానే పంతులుగారిని లుంగీ మీదే తీసుకెళ్ళిపోయారు. ఆయన భార్య విరిగిన తలుపు దగ్గర నిలబడి కిందికి చూస్తూ ఉండిపోయింది. బయట స్టాండు మీద యంత్రం ఇదంతా పట్టుకుంటూనే ఉంది.

మర్నాడు ఎనిమిది అయింది. ఒక్క గిన్నె మోగలేదు. ఆ మర్నాడూ అంతే. మా అమ్మ కంచు గిన్నెను గూట్లో బోర్లించింది.

పిల్ల యంత్రాన్ని కంప్యూటరుకు తగిలించి ఆ రోజుల గీత చూపించింది. పొద్దున్న కాస్త లేచి, పగలు సాగి, సాయంత్రానికి వాలి, ఎనిమిదికి నున్నగా, ఏ ముడీ లేకుండా వెళ్ళిపోయింది. నేను ఏళ్ళ తరబడి క్లాసులో బోర్డు మీద గీసి, వీధి చప్పుడు ఇలా ఉంటుందని చెప్పిన గీత అచ్చం అదే. నేను కోరుకున్న గీత. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, దాచుకోవడం ఎందుకు.

ఏడుపయ్యాక బుద్ధి పనిచేసింది. అంటే, నా మేస్త్రీ బుద్ధి. "చూడమ్మా, ఈ చివరి రోజుల గీతలే పంపు. ముందు రోజులవి తీసెయ్. యంత్రం పాడైందని చెప్పొచ్చు," అన్నాను.

పిల్ల బూట్ల తాళ్ళు సర్దుకుంటోంది. తల ఎత్తలేదు. "మీరే కదా సయామా, నచ్చని అంకె కొట్టెయ్యొద్దన్నారు."

"అది క్లాసులో!" అని అరిచాను. "ఇది బతుకు! ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. మీ నాన్న ఇంట్లో కూర్చున్నాడు. ఆ ముడేమిటని ఆఫీసు పెద్దాయన అడిగితే చెబుతావా? చెబితే ఆయన భయపడి ఫోన్ పెట్టేస్తాడు. చెప్పకపోతే పని రానిదానివనుకుంటాడు. ఎటుచూసినా నీ ఉద్యోగమే పోయేది!"

"నాకూ భయంగానే ఉంది," అంది. ఆ పిల్ల అంత పొడవు మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు. "కానీ అవి తీసేస్తే ఈ వీధి ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటారు. పంతులుగారు ఊరికే కొట్టినట్టవుతుంది."

జవాబు తోచకపోతే నేను గట్టిగా మాట్లాడతాను. అప్పుడూ అదే చేశాను. నా ఇంట్లో నా యంత్రంతో కొలిచి నాకే ఎదురు చెబుతావా అనేదాకా వెళ్ళాను. మా అమ్మ వంటింట్లోంచి ఒక్కటే అంది.

"ఒగ్గేయే. నువ్వు నేర్పిందే అది నేర్సుకుంది. నీకంత కోపవైతే నేర్పకుండా ఉండాల్సింది."

వారంలో చివరి సాయంత్రం. ఎనిమిది కావొస్తోంది. పిల్ల బాల్కనీలో బూట్లతో నిలబడి ఉంది. స్టాండు కాలు ఒకటి వదులైతే నేను యంత్రాన్ని చేత్తోనే పట్టుకుని నిలబడ్డాను. వీధి నిశ్శబ్దంగా ఉంది. ఎదురింట్లో పంతులుగారి భార్య విరిగిన తలుపుకు గుడ్డ అడ్డం కట్టుకుని, దీపం దగ్గర అంట్లు సర్దుకుంటోంది. ఆయన ఇంకా తిరిగి రాలేదు.

మా అమ్మ కూడా అంట్లు తోముతోంది. తోమిన గిన్నెలు బోర్లించడానికి బాల్కనీ గుమ్మం దాకా వచ్చింది. చేతిలో కంచు గిన్నె. ఆ పూట దానిలో వండిందేమీ లేదు, ఎందుకు తోమిందో నేను అడగలేదు. ఎనిమిదైంది. గిన్నె నేల మీద పడింది.

కంచు పడితే ఎలా ఉంటుందో విన్నవాళ్ళకు తెలుసు. మోగి, మోగి, గిరగిరా తిరిగి, ఇంకాసేపు మోగి ఆగింది.

"సేయి జారిపోనాదే," అంది అమ్మ, వీధికి వినపడేలా. "ముసిల్దాన్ని గదా."

ఎదురింటావిడ తలెత్తి మా వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆపైన ఆవిడ చేతిలోంచి పెనం జారింది. ఆవిడ వంగి తీసి, తుడిచి, గోడకు తగిలించింది. మూడో అంతస్తులో ఎవరిదో మూత జారింది. వీధి చివర ఏదో బకెట్టు. ఒకటి జారాక ఒకటి, మధ్యలో ఖాళీలిచ్చి, ఎవరూ తొందరపడకుండా. మేం కొట్టే రోజుల్లో ఉన్న హోరు కాదది. ఒక్కో ఇంట్లో ఒక్కసారి, ఎవరో అలిసిపోయి, చేయి జారి.

నేను మాత్రం యంత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఊరంతా చేతులు జారుతుంటే పట్టు తప్పని చేతులు నావే.

మర్నాడు పొద్దున్న పెద్దాయన ఫోన్ చేశాడు. పిల్ల గీతలన్నీ ముందే పంపేసింది, ఒక్కటీ తీయకుండా. మా ఇంటి ఇంటర్నెట్ వచ్చే కాస్త సమయం చూసుకుని, నేను నిద్ర లేవకముందే పంపింది. ఫోన్‌ను స్పీకర్లో పెట్టి ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. బర్మా భాషలోనే మాటలు. ఎనిమిదింటి సంగతి వస్తే గుడి గంటలని చెప్పమని నేను అంతకు ముందే నూరిపోశాను. ఇప్పుడు కూడా గంట ఊపుతున్నట్టు చేతులు ఊపి చూపిస్తున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"పదిన్నరకు రోజూ ఇదేమిటి?" అని అడిగాడు.

"మా మామ్మ, సయా. ఉల్లిపాయల బేరం. కూరలాయనకు చెవుడు."

అవతల చిన్న నవ్వు. "మొదటి రోజు ఎనిమిదికి యంత్రం దాని హద్దు దాటింది. ఎందుకు?"

"దాని పక్కన మా సయామా ఉన్నారు, సయా."

నేను టోపీ ముఖం మీదికి లాక్కున్నాను. ఇంట్లో టోపీ ఎందుకు పెట్టుకున్నానని అడగొద్దు.

"రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా కూడా ఎనిమిదికి లేచింది. ఆ తర్వాత రెండు రోజులు లేదు. చప్పుడు ఎందుకు ఆగింది?"

"ఆగలేదు, సయా. ఆపారు."

అవతల కాగితం తిప్పిన చప్పుడు. ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"చివరి రోజు ఎనిమిదికి విడివిడిగా ఇవన్నీ ఉన్నాయి," అన్నాడు చివరికి. "ఒకదానికొకటి దూరదూరంగా. ఇవేమిటి?"

"చేతులు జారాయి, సయా," అంది పిల్ల.

"ఎవరివి?"

"వీధంతటివీ."

లైను తెగిందనుకుని నేను ఫోన్ మీదికి వంగాను. లోపల ఊపిరి వినిపించింది.

"మా ఇంట్లో అందరి చేతులూ గట్టివని అనుకుంటున్నాను. ఇవాళ ఎనిమిదింటికి చూస్తాను," అన్నాడు. ఆపైన పని మాటకొచ్చాడు. "సోమవారం పొద్దున్న రా. ఫీల్డులో తిరగాలి. బూట్లు ఉన్నాయా?"

పిల్ల తన కాళ్ళ వైపు చూసుకుంది. నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను, చెప్పులు.

"ఉన్నాయి, సయా," అంది.

ఫోన్ పెట్టాక మా అమ్మ పిల్ల బుగ్గలు రెండూ పట్టుకుని ఊపింది. "పన్లోకెక్కిపోనావే గుంటా!" నేను నా పద్ధతిలో సంతోషించాను. అంటే, బూట్లలో దూది ఎలా మార్చుకోవాలో, తాళ్ళు ఎలా బిగించుకోవాలో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. నేను చేసిన ప్లేస్‌మెంట్లన్నిటిలో గర్వంగా చెప్పుకోదగ్గది ఇదొక్కటే. దీనిలో నేను ఇచ్చిన సలహా ఏదీ పిల్ల వినలేదు.

సోమవారానికి అహ్లోన్ దారి తెరిచారు. తెల్లారాక పిల్ల నా బూట్లు టకటకలాడించుకుంటూ మెట్లు దిగింది. కాసేపటికి మా తాడు గంట మోగింది. తొంగి చూస్తే కింద ఆ పిల్లే. క్లిప్పుకేదో తగిలించింది. పైకి లాగితే నా టోపీ. చీకట్లో తన సంచిలో నేనే కుక్కాను, ఎండకు ఉంటుందని.

"అక్కర్లేదు సయామా!" అని కిందనుంచి అరిచింది. "ఆఫీసులో నవ్వుతారు!"

వీధిలో నవ్వినవాళ్ళు నవ్వారు. పిల్ల వీధి మలుపు తిరిగేదాకా చూశాను. బూట్లు ఆ పిల్ల కాళ్ళకు బాగానే కుదిరాయి, నా కాళ్ళ కంటే బాగా.

ఆ సాయంత్రం ఏడున్నరకు యంత్రాన్ని స్టాండు మీది నుంచి తీశాను. గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, బీరువాలో దాచి తాళం వేశాను. సర్వే అయిపోయింది. నేనిక కొలిచేదాన్ని కాదు, ఆరో అంతస్తులో ఉండే వీధి మనిషిని. వంటింట్లోకి వెళ్ళి నా స్టీలు మూత తెచ్చుకుని, చెప్పులతో బాల్కనీలో నిలబడ్డాను. ఎదురింటావిడ పెనం తుడుచుకుంటోంది. మా అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

ఎనిమిదైంది.

"జారిందేటే?" అంది అమ్మ.

"ఇంకా లేదమ్మా," అన్నాను.

అప్పుడు జారింది.